ఆ క్రియకు భూతకాలం లేదు

మిట్టమధ్యాహ్నం!

దయ్యాలకు అర్ధరాత్రి ఒక్కటే వేళ అనుకునేవాళ్లు అమాయకులు. మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోయే నడిపొద్దు కూడా వాటిదే! ఆ రోజు ఆ నీడైనా మిగల్లేదు. దశదిశలా కారుమేఘాలు కమ్ముకుని, ఆకాశం మసిబారిన మూకుడులా వీధి మీద బోర్లా పడి ఉంది. గాలి స్తంభించింది... ఆకు కదలడం లేదు. ఎక్కడో దూరాన ఉరుము పళ్లు పటపటా కొరికింది. ఎన్నాళ్లుగానో మూతపడి ఉన్న మందుల షాపు చూరు మీద, పట్టపగలు, ఒక గుడ్లగూబ కూర్చుని మెడను పూర్తిగా వెనక్కి తిప్పి చూస్తోంది!

ఆ షాపు పక్కనున్న ఇరుకు మెట్ల దగ్గర అక్క నిలబడింది. వాన వచ్చేలోగా చెల్లిని ఇంటికి తీసుకుపోదామని వచ్చింది. పై గదిలోంచి చెల్లి గొంతు వినిపిస్తోంది.

"వీవో... వీవో... వీవో..."

పాఠమే కదా అనుకుంది. నవ్వొచ్చింది కూడా. అంతలో ఆ నవ్వు పెదాల మీదే గడ్డకట్టుకుపోయింది. చెల్లి గొంతు కింద ఇంకో గొంతు! శిథిల సమాధిలోంచి వెలువడే నిశ్వాసంలా, ఎండుటాకుల మీద పాము పాకినట్టుగా... అదే మాట, అదే క్షణాన, అదే ఊపిరితో పలుకుతోంది. చెల్లి ఆగితే అదీ ఆగుతోంది. చెల్లి మొదలుపెడితే అదీ మొదలవుతోంది!

గుడ్లగూబ ఒక్కసారి ఘూంకరించి చీకటి మేఘంలోకి ఎగిరిపోయింది.

పాత కొంపలో ప్రతిధ్వని ఎక్కువలే అని అక్క మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు వినలేదు.

ఇంతకీ వాళ్లిద్దరి సంగతి చెప్పాలి. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. అక్క ఒక కళ్లద్దాల షాపు వెనక గదిలో, నీళ్లు చిమ్మే సానరాయి మీద అద్దాలు అరగదీసే పని చేస్తుంది. షాపులో అందరికీ ఆమె 'అద్దాలమ్మ'. చెల్లిని మాత్రం వీధి వీధంతా 'పిచ్చుక' అనేవారు. పొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా ఆ నోరు మూతపడదు మరి! "దీని మాటలు అమ్ముకునే వీలుంటే మనం మేడ కట్టేవాళ్లం," అనేది అక్క. మందులు తయారుచేయడం నేర్పే కళాశాలలో చేరాలని పిచ్చుక కోరిక. ప్రవేశ పరీక్షలో మిగతా పేపర్లన్నీ గట్టెక్కించినా, మందుల పేర్లన్నీ లాటిన్‌వే కనుక పెట్టిన లాటిన్ పేపరు పోయినసారి దాన్ని నట్టేట ముంచింది.

అప్పుడే ఎవరో చెప్పారు, మూతపడ్డ మందుల షాపు మీద క్రియల మాస్టారు ఉంటాడని. నామవాచకం జోలికి పోడట. క్రియలే చెబుతాడట, అదీ ఒక్కొక్క రూపం నోటికి పట్టేదాకా రెండోది చెప్పడట. పైగా ఫీజు అడగడట!

"ఊరికే వచ్చేది ఊపిరొక్కటే అద్దాలమ్మా, అదీ ఎన్నాళ్లో తెలీదు. కాస్త కనుక్కుని పంపు," అన్నాడు కళ్లద్దాల షాపు యజమాని. అక్క వినలేదు. చెల్లి ముచ్చట ముందు ఆ మాట ఎంత!

మొదటి పాఠం అయ్యాక, ఆ మబ్బు చీకట్లో ఇంటికి నడుస్తూ పిచ్చుక దారి పొడుగునా కువకువలాడింది.

"అక్కా, లాటిన్ మనకి చుట్టమేనే! మనం 'వస్తాను' అంటే ఎవరు వస్తారని ఎవరైనా అడుగుతారా? ఆ చివర ఉన్న 'ను'లోనే నేనున్నాను. 'వస్తావు' అంటే ఆ 'వు'లో నువ్వున్నావు. వాళ్లదీ ఇదే పద్ధతి! 'వీవో' అంటే బతుకుతున్నాను అని. ఆ 'ఓ'లో నేనున్నాను!"

"ఇంట్లో పని చెప్పి పిలిస్తే మాత్రం ఆ 'ఓ' ఎప్పుడూ పలకదేం?" అంది అక్క.

ఇద్దరూ పగలబడి నవ్వారు. అదే చివరి నవ్వు!

మర్నాడు పొద్దున అక్క టీ కాస్తూ, "నువ్వు తాగుతావా?" అని అడిగింది.

"తాగు..." అంది పిచ్చుక. ఆగింది. పెదాలు కదిలాయి. "తాగుతా... తాగు..." గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు మెడ సాచింది. కళ్లలో భయం సుళ్లు తిరిగింది. చివరికి, "తాగాలని ఉంది," అంది.

నిద్రమత్తు అనుకుంది అక్క. కానీ ఆ రోజంతా గమనించింది. "ఆకలేస్తోంది." "పాఠం ఉంది." "వెళ్లాలి." అన్నీ ఇలాంటి మాటలే! ఏ మాట చివరా చెల్లి లేదు!

"ఏదీ, 'నేను' అను," అంది అక్క.

పిచ్చుక నోరు తెరిచింది... తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కంటి కొసల్లోంచి నీళ్లు జారాయి తప్ప ఆ రెండక్షరాలు రాలేదు!

రెండో రూపం నోటికి పట్టిన రోజున 'నువ్వు' పోయింది. ఎదురుగా నిలబడ్డ అక్క మొహంలోకి చూస్తూ, గోడతో చెప్పినట్టు, "అక్క వచ్చింది," అంది చెల్లి. మూడో రూపంతో ఆ 'అక్క వచ్చింది' కూడా పోయింది. వీధిలో ఎవరు నడిచినా, ఎవరు పిలిచినా ఆ కళ్లు తిరగడం మానేశాయి. నాలుగో దానితో 'మనం' పోయింది. పిచ్చుక మూగదైంది. ఇల్లు బావురుమంది. ఆ ఇంట్లో ఇంత నిశ్శబ్దం పట్టే చోటుందని అక్కకు అంతవరకూ తెలియదు!

డాక్టరు నరాల బలహీనత అన్నాడు. అక్క పాఠాలు మాన్పించింది. మధ్యాహ్నం వేళకు తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. నడిపొద్దు కాగానే పిచ్చుక లేచింది. కొయ్యబొమ్మలా నడిచి వచ్చింది. అక్క రెండు చేతులా గడియను అదిమి పట్టుకుంది... ఆ ఇనుప గడియ ఆమె అరచేతుల కిందే బతికున్న పురుగులా కదిలి, సర్రున జారి, తలుపు దానంతటదే తెరుచుకుంది! విసురుకు అక్క కింద పడింది. చెల్లి ఆమెను దాటుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అక్కకు కూర్చుంటే నిలకడ లేదు, నిలబడితే నిమ్మళం లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. కంచం ముందు కూర్చుని లేచిపోయేది. నిద్రలో ఉలిక్కిపడి చెల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

ఇంట్లో ఒంటరిగా వదల్లేక ఒకరోజు చెల్లిని తనతో పాటు షాపు వెనక గదికి తీసుకుపోయింది. అప్పటికి అయిదో రూపం కూడా అయిపోయింది. నడిపొద్దు దాటుతోంది, చెల్లి లేవలేదు. అక్క పని ఆపకుండా ఓరకంట చూస్తూనే ఉంది. పిచ్చుక చెయ్యి మెల్లగా బల్ల మీదికి పాకింది. ఎవరో పండు ముదుసలి కోసం చేసిపెట్టిన మందపాటి కళ్లజోడు అందుకుని పెట్టుకుంది. పక్కనున్న కంటి పరీక్ష అట్ట తీసుకుని, అందులో అన్నిటికంటే సన్నని అక్షరాల వరుసను గడగడా చదివింది!

ఆ అద్దాలు వయసు పిల్లకు పెడితే కళ్లు తిరిగి కింద పడాలి. అక్క చేతిలోని గాజుబిళ్ల జారి భళ్లున పగిలింది.

"భయపడకు అమ్మాయ్..."

ఆ గొంతు! ఎండుటాకుల మీద పాము పాకిన ఆ గొంతు!

"ఎవరు?... ఎవరు మీరు? నా చెల్లిని ఏం చేశారు?"

"నేను కాదు, ఆ మాస్టారు చేశాడు. నేను వాడి గురువుని. మాటలకు ఉండే బలమంతా నాకు తెలుసు. చెప్పింది చాలక, చెప్పనిది కూడా కావాలన్నాడు. నేను పోయే ఘడియలో నా తల పక్కన కూర్చుని 'వీవిత్' అని నన్ను కట్టేశాడు. 'బతుకుతోంది' అని! పోయినదాన్ని పోయిందని చెప్పకుండా, నా క్రియకు భూతకాలం లేకుండా చేశాడు. అప్పట్నుంచీ నాకు చావు లేదు. పుర్రె వాడి బల్ల మీద ఉంది. పలకడానికి మాత్రం బతికున్న గొంతు కావాలి. ఒక గొంతు అరిగిపోతే ఇంకొకటి తెస్తాడు. నేను నాలో దాచుకున్న మంత్రాలన్నీ పీల్చుకుంటున్నాడు..."

"మరి ఈ పిల్ల?" అడిగింది అక్క.

"ఆరో రూపం పలికిందంటే దీనిలో ఇది ఉండదు. నేనే ఉంటాను. వద్దమ్మాయ్... నాకు వద్దు! అలిసిపోయాను. ఎవరో ఒకరు నన్ను పొమ్మనాలి. ఆ క్రియతోనే అనాలి, భూతకాలంలో."

"చెప్పండి, నేర్చుకుంటాను! నా మట్టిబుర్రకు ఎక్కేదాకా చెప్పండి!"

"వీ... వీ..." చెల్లి దేహం విల్లులా వంగింది. ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. కట్టుబడిన క్రియకు భూతకాలం ఆమె నోట పలకదు! చాలాసేపు రొప్పింది. తర్వాత దొంగదారిన ఇంట్లోకి వచ్చినట్టు, ఇంకో క్రియ ఎత్తుకుంది.

"దీకో, చెబుతున్నాను. దీక్సీ, చెప్పాను. దీక్సిస్తీ, చెప్పావు. దీక్సిత్, చెప్పింది. నీ నోటితో అను."

"దీకో... దీక్సీ... దీక్సితీ..."

"కాదు! సానరాయి మీద చెయ్యి జారితే అద్దం పోతుంది. ఇక్కడ నాలుక జారితే మనిషి పోతుంది. మళ్లీ అను!"

అక్క మళ్లీ అంది, మళ్లీ మళ్లీ అంది. సానరాయి గిర్రున తిరుగుతూనే ఉంది, నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి. చావుకు నోచుకోని ఒక ముసలి పంతులమ్మ, చెల్లెలి నోటితో, అక్కకు పాఠం చెబుతోంది!

"దీకోకి దీక్సీ. అయితే వీవోకి... వీక్సీ?"

అన్న మరుక్షణం అక్క గుండెను ఎవరో పిడికిట్లో పట్టి పిండారు!

"నోరు ముయ్!" ముసలి గొంతు కెవ్వుమంది. "అదే మాట! కానీ అక్కడ ఆపావంటే 'నేను బతికాను' అని అర్థం. నా బతుకు అయిపోయింది అని! పుర్రె ఎదుట అలా ఆపితే పోయేది నువ్వు! చివర 'స్తీ' చేర్చాలి. 'నువ్వు బతికావు, ఇక చాలు' అని. నా పుర్రెను చూస్తూ అనాలి. పొరపాటున నీ చెల్లి మొహం చూస్తూ అన్నావో..."

మాట పూర్తి కాలేదు. పిచ్చుక చటుక్కున లేచింది. కళ్లజోడు నేలరాలింది. వీధి తలుపు దిక్కుగా ఆ కొయ్యబొమ్మ నడక మొదలైంది. మాస్టారు పిలుస్తున్నాడు!

అక్క వెనకే పరుగెత్తింది.

ఫెళఫెళారావంతో ఆకాశం చీలింది! అన్నాళ్లూ బిగబట్టుకున్న వాన ఒక్కుమ్మడిగా విరుచుకుపడింది. వీధులు కాలువలయ్యాయి. ముందు నడుస్తున్న చెల్లి ఒంటి మీద ఒక్క చినుకూ నిలవడం లేదు... వెనక అక్క మాత్రం తడిసి ముద్దవుతూ, జారిపడుతూ, లేస్తూ, "స్తీ... స్తీ..." అని ఆ తోకనే నాలుకకు అంటించుకుంటూ ఉరికింది. అసలు మాట అనడానికి ధైర్యం లేదు!

మెట్లెక్కి చెల్లి లోపలికి పోయింది. తలుపు మూసుకుంటుండగా అక్క భుజం అడ్డం పెట్టి లోపలికి పడింది.

సుద్దపొడి కంపు! కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు. గది మధ్య బల్ల మీద లావుపాటి నిఘంటువు, దాని మీద... పసుపుబారిన కపాలం! దాని దవడను ఎర్రదారంతో బిగించి కట్టారు. చుట్టూ మైనపు దీపాలు. గోడకున్న నల్లబల్ల మీద ఆరు రూపాలు సుద్దతో రాసి ఉన్నాయి. అయిదింటి మీద నెత్తుటి వేలిముద్రలు. ఆరోది తెల్లగా ఎదురుచూస్తోంది!

కపాలం పక్కన క్రియల మాస్టారు నిలబడి ఉన్నాడు. సన్నగా, ఎండుకట్టెలా ఉన్నాడు. వయసు చెప్పలేం. వేళ్ల నుంచి మోచేతుల దాకా సుద్ద తెలుపు, కళ్లు మాత్రం నిప్పు కణికలు.

"రా అమ్మా అద్దాలమ్మా! నీ చెల్లి పట్టాభిషేకానికి వచ్చావా?" వికటంగా నవ్వాడు. "మూలన నిలబడి చూడు. కాలు కదిపావో, నీ గొంతు కూడా నా బల్ల మీదికే వస్తుంది! పిల్లా, మొదలుపెట్టు!"

"వీవో... వీవిస్... వీవిత్..."

రెండు గొంతులు! యువతి గొంతు సన్నబడుతోంది... ముసలి గొంతు ఏడుస్తూ లావెక్కుతోంది... దీపాలు నీలంగా మారాయి. చూరు మీద ఒక గుడ్లగూబ, రెండు, ఇంకెన్నో... ఘూ! ఘూ! అని పొలికేకలు పెడుతున్నాయి!

"వీవిముస్... వీవితిస్..."

అక్క అడుగు ముందుకేసింది. చెల్లి సరిగ్గా కపాలానికి అడ్డంగా నిలబడి ఉంది. ఆ మొహం కనిపిస్తే? ఆ మొహం చూస్తూ మాట జారితే? అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. తడుముకుంటూ, బల్ల అంచు పట్టుకుని, చెల్లిని భుజంతో పక్కకు నెట్టి కళ్లు తెరిచింది. ఎదురుగా కపాలం నేత్రగహ్వరాలు... అగాధమైన ఆ చీకట్లో ఎవరో దీనంగా వేచి ఉన్నట్టు!

"వీక్సి..."

మాస్టారు పిడుగులా మీద పడ్డాడు! సుద్ద వేళ్లు ఆమె గొంతుకు ఉచ్చులా బిగుసుకున్నాయి.

"ఎవరు చెప్పారే నీకు ఆ మాట? ఎవరు చెప్పారు? అక్కడే ఆపు! ఆపి చావు!"

మాట సగంలో తెగింది. నేను బతికాను... గుండె ఆగింది! ఉరుము వినిపించడం మానేసింది. వాన లేదు, గది లేదు. నల్లని నీళ్లలోకి మునిగిపోతున్నట్టుంది. ఎంత హాయి! ఎన్నాళ్ల ఆందోళన, ఎన్నాళ్ల ఆరాటం... అన్నీ ఇక చాలు అనిపించింది. ఆ నీళ్ల అట్టడుగున, ఆఖరి ఆలోచనగా ఒక్కటే మెదిలింది. తను పోతే దాన్ని పిచ్చుకా అని పిలిచేవాళ్లు ఎవరున్నారు?

పళ్ల సందుల్లోంచి, ఊపిరి లేని ఊపిరితో, పాము బుసలా వెలువడింది ఆ తోక.

"...స్తీ!"

ఫట్‌మని ఎర్రదారం తెగింది!

కపాలం దవడ కిందికి జారి, అందులోంచి ఒక దీర్ఘనిశ్వాసం వెలువడింది. గదిలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కిటికీ గుడ్డలు చిరిగి ఎగిరిపోయాయి. మెరుపు వెలుగులో బల్ల వెనక ఒక ఆకారం నిలబడి ఉంది. తెల్లని జుట్టు, నిటారైన నడుము, ప్రశాంత గంభీరమైన ముఖం. కట్లు తెంచుకున్న గురువు! ఆమె చూపు శిష్యుడి మీద నిలిచింది.

మాస్టారి వేళ్లు సడలాయి. వెనక్కి వెనక్కి నడిచాడు. "అమ్మా... క్షమించు... మీ దగ్గర నేర్చుకున్నవాడిని..."

"నేర్చుకోలేదురా. దొంగిలించావు. ఏదీ, ఒక్కసారి నీ క్రియ నువ్వు చెప్పుకో, వింటాను."

"వీవ్... వీవ్..." వాడి నోరు కొట్టుకుంది. బతుకుతున్నాను అనడానికి చివర అతికించుకునే 'నేను' వాడి దగ్గర లేదు! ఇన్నాళ్లూ ఇతరుల 'నేను'లు తిని బతికినవాడు... సొంతది ఎప్పుడో పోగొట్టుకున్నాడు! "వీవ్... వీవ్... వీ..."

"అయితే నేనే చెబుతాను," అందామె. తొణకలేదు, అరవలేదు. తప్పు దిద్దే పంతులమ్మలా, స్పష్టంగా, ఒకే ఒక్క మాట అంది.

"వీక్సిత్."

బతికాడు... అయిపోయింది!

పెడబొబ్బ పెట్టబోయాడు. బొబ్బ బయటికి రాలేదు. సుద్ద తెలుపు మోచేతులు దాటింది, భుజాలు దాటింది, మెడ మీదికి పాకింది. వేళ్లు విరిగి రాలాయి, మొహం పగుళ్లిచ్చింది. నిప్పు కణికల్లాంటి కళ్లు రెండూ చుయ్‌మని చల్లారాయి. మనిషి నిలువునా కుప్పకూలి, గుప్పెడు తెల్లపొడి అయ్యాడు! తెరిచిన కిటికీలోంచి వాన జల్లు కొట్టింది. ఆ పొడి పాలనీళ్లై, నేల పలకల సందుల్లోకి ఇంకిపోయింది.

తలెత్తి చూస్తే బల్ల వెనక ఎవరూ లేరు. కపాలం మాత్రం, పని అయిపోయిన పాత కుండలా, దానంతటదే రెండు ముక్కలైంది.

అక్క నేల మీద పాకుతూ చెల్లిని చేరుకుంది. చెల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది. కానీ చూపు ఎక్కడో ఉంది.

"పిచ్చుకా... ఇటు చూడవే... నేనే, అక్కని..."

ఉలుకూ పలుకూ లేదు. రెండు చంకల్లో చేతులేసి లేపి, మెట్ల మీదుగా దించుకొచ్చింది. వాన తగ్గుముఖం పట్టింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు. అక్క చెల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచింది. తాళం వేసిన కొట్లు, ఎవరూ లేని మలుపులు. వెనక్కి తిరిగి చూడాలంటే భయం. ఆ కళ్లలో తాను లేకపోతే? అంతా చేసి, ఖాళీ బొమ్మనే ఇంటికి తీసుకుపోతోందేమో!

మలుపు దగ్గర చెల్లి చెప్పు బురదలో ఇరుక్కుంది. అక్క ఆగలేదు, లాగింది. చెప్పు తెగి నీళ్లలో కొట్టుకుపోయింది.

"అబ్బా! చెయ్యి ఊడిపోతుందే! వదులు!"

అక్క కొయ్యబారిపోయింది.

"కొత్త చెప్పులు! నువ్వు లాగబట్టే కదా పోయాయి? ఇప్పుడు నేను ఒంటి కాలి చెప్పుతో ఎలా రావాలి? అసలు ఈ వానలో మనం ఎక్కడ తిరుగుతున్నాం? నీకు బుద్ధుందా అక్కా? నాకు పరీక్ష దగ్గరపడుతోంది, తుమ్ములు పట్టుకుంటే నువ్వు రాస్తావా నా బదులు?"

అక్క నడివీధిలో, ఆ నీళ్లలోనే చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

"ఇంకా తిట్టవే," అంది. "ఆపకు... ఇంటికి చేరేదాకా తిడుతూనే ఉండు!"

"తిడతాను! నాకేమైనా భయమా?" అంది పిచ్చుక, నడుం మీద చేతులు పెట్టుకుని.